సీటు నంబరు లేని విమానంలో ఇద్దరు పిల్లలు, పెద్దావిడ: అందరం ఒకచోట కూర్చోవడం ఎలా?

ప్రశ్న (మియాపూర్ నుంచి)

అందరికీ నమస్కారం. ఈ వేసవి సెలవుల్లో మేము హైదరాబాదు నుంచి డాలస్‌లో ఉంటున్న మా తమ్ముడి ఇంటికి వెళ్ళబోతున్నాం. నేను, నా భార్య, ఎనిమిదేళ్ళ పాప, నాలుగేళ్ళ బాబు, డెబ్బై దాటిన మా అమ్మ, మొత్తం ఐదుగురం. అక్కడికి చేరి కొంత విశ్రాంతి తీసుకున్నాక డాలస్ లవ్ ఫీల్డ్ విమానాశ్రయం నుంచి ఓర్లాండోకు వెళ్ళి రావాలని పిల్లలు ఎప్పటినుంచో ఆశపడుతున్నారు. ఆ ప్రయాణానికి సౌత్‌వెస్ట్ ఎయిర్‌లైన్స్ విమానాలు సమయానికీ, ఖర్చుకూ అనుకూలంగా కనిపిస్తున్నాయి.

అయితే ఆ సంస్థ విమానాల్లో సీటు నంబరు ఇవ్వరనీ, ముందుగా లోపలికి వెళ్ళినవారు తమకు నచ్చిన చోట కూర్చుంటారనీ మా తమ్ముడు చెప్పాడు. పెళ్ళికి ముందు అతను ఆ విమానాల్లో తరచుగా తిరిగేవాడు. ఒక్కడే ప్రయాణించేవాడు కాబట్టి మధ్య సీటు దొరికినా అతనికి ఇబ్బంది లేకపోయేది. మా పరిస్థితి అది కాదు. బాబు వాళ్ళమ్మ పక్కన లేకపోతే బెల్టు కూడా పెట్టుకోనివ్వడు. పాపకు విమానం దిగే సమయంలో చెవులు నొప్పెట్టి, ఒక్కోసారి వాంతి అవుతుంది. మా అమ్మకు మోకాళ్ళ నొప్పులున్నాయి, ఇంగ్లీషు రాదు. మంచినీళ్ళు కావాలన్నా, మరుగుదొడ్డికి వెళ్ళాలన్నా పక్కన మనవాళ్ళు లేకపోతే ఎవరినీ అడగకుండా అలాగే ఓర్చుకుని కూర్చునే స్వభావం ఆమెది.

గత సంవత్సరం మన దేశంలోనే చేసిన ఒక ప్రయాణంలో ఒక విమాన సంస్థ మా ఐదుగురికీ నాలుగు వేర్వేరు వరుసల్లో సీట్లు ఇచ్చింది. గాలిలోకి లేచిన తర్వాత కూడా బాబు ఏడుపు ఆపలేదు. చుట్టుపక్కల వారిని సీటు మారమని బతిమాలుకోవలసి వచ్చింది. అలాంటి పరిస్థితి పరాయి దేశంలో మళ్ళీ రాకూడదని నా తాపత్రయం.

చెక్-ఇన్ తెరుచుకున్న క్షణంలోనే చేసుకుంటే సరిపోతుందా, చిన్నపిల్లలున్న కుటుంబాలను ముందుగా లోపలికి పంపుతారా, అమ్మ టికెట్టును తమ్ముడు విడిగా కొంటానంటున్నాడు కాబట్టి దానివల్ల ఏమైనా ఇబ్బంది ఉంటుందా అన్నవి నా సందేహాలు. అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

సమాధానం (కొండాపూర్ నుంచి)

నమస్కారమండీ. చాలాకాలం డాలస్ పరిసరాల్లో ఉద్యోగం చేసి తిరిగి వచ్చినవాణ్ణి కాబట్టి మీ తమ్ముడు చెప్పిన పద్ధతి నాకు బాగా తెలుసు. అతను చెప్పినది అతను తిరిగిన కాలానికి నిజమే. అయితే ఆ పద్ధతి ఇప్పుడు లేదు. 1971లో విమానాలు నడపడం మొదలుపెట్టిన నాటి నుంచి అర్ధశతాబ్దానికి పైగా సౌత్‌వెస్ట్ సంస్థ సీటు నంబరు లేకుండానే ప్రయాణికులను తీసుకెళ్ళింది. ఆ పద్ధతిని మార్చబోతున్నట్లు 2024 జూలైలో ప్రకటించి, 2026 జనవరి 27 నుంచి బయలుదేరే విమానాలన్నిటిలోనూ సీట్లు కేటాయించడం మొదలుపెట్టింది. తమ ప్రయాణికుల్లో 80 శాతం మంది కేటాయించిన సీటునే కోరుకుంటున్నారని ఆ ప్రకటనలోనే చెప్పారు. కాబట్టి మీరు తలుపు తెరవగానే లోపలికి పరుగెత్తవలసిన అవసరం ఏమీ లేదు.

దీనివల్ల మీ సమస్య తీరిపోయిందని మాత్రం అనుకోకండి. అది గేటు దగ్గర నుంచి టికెట్టు కొనే సమయానికి మారింది, అంతే. ఇప్పుడు ఆ సంస్థలో అన్నిటికంటే తక్కువ ధరకు దొరికే టికెట్టు పేరు బేసిక్. దాన్ని కొన్నవారికి చెక్-ఇన్ సమయంలో సంస్థే ఒక సీటు ఇస్తుంది, ఆ సీటు ఎక్కడన్నది అప్పటికి ఏవి మిగిలాయన్నదాని మీద ఆధారపడుతుంది. దాని పై మెట్టు అయిన చాయిస్ టికెట్టు కొంటే, కొంటున్నప్పుడే సీట్ల పటం చూసి మామూలు సీట్లను ఎంచుకోవచ్చు. ఆ పైవి ముందు వరుసల కోసం, కాళ్ళు చాపుకొనే చోటు కోసం. మీకు వాటి అవసరం ఉన్నట్లు నాకు కనిపించడం లేదు. నాలుగేళ్ళ బాబు, ఎనిమిదేళ్ళ పాప, పెద్దావిడ ఉన్న కుటుంబం బేసిక్ టికెట్టు కొని, మిగిలిన సీట్లలో ఐదు పక్కపక్కన దొరుకుతాయని ఆశించడం నా దృష్టిలో పొదుపు కాదు. ఆ రెండు ధరల మధ్య తేడా ఎంతో చూసి, దాన్ని మీ ప్రయాణ ఖర్చులో భాగంగానే లెక్కవేసుకోండి.

పాత పద్ధతి గురించి మీరు అడిగారు కాబట్టి దాన్నీ వివరిస్తాను. విమానం బయలుదేరడానికి సరిగ్గా 24 గంటల ముందు చెక్-ఇన్ తెరుచుకునేది. ఎంత త్వరగా చేసుకుంటే అంత మంచి వరుస సంఖ్య వచ్చేది. బోర్డింగ్ పాస్ మీద సీటుకు బదులు ఎ, బి, సి అనే అక్షరాల్లో ఒకటి, దాని పక్కన 1 నుంచి 60 వరకు ఒక అంకె ఉండేవి. గేటు దగ్గర అంకెలు రాసిన స్తంభాల పక్కన అదే క్రమంలో నిలబడేవాళ్ళం. ఆరేళ్ళు, అంతకంటే తక్కువ వయసున్న పిల్లలతో వచ్చినవారిని ఎ వర్గం వెళ్ళిన తర్వాత, బి వర్గం కంటే ముందు పంపేవారు. అయితే ఆ అవకాశం పిల్లవాడితోపాటు ఇద్దరు పెద్దలకే ఉండేది. మీ కుటుంబాన్ని ఆ నియమంలో పెట్టి చూస్తే, మీరూ మీ భార్యా బాబుతో వెళ్ళవచ్చు గానీ, మీ అమ్మగారు తన వంతు వచ్చేదాకా బయట ఒంటరిగా నిలబడవలసి వచ్చేది. ఆ పద్ధతి పోయినందుకు అక్కడ చాలామంది బాధపడ్డారు. మూడు తరాలు కలిసి ప్రయాణించే మనలాంటి కుటుంబాలకు మాత్రం సీటు నంబరు చేతిలో ఉండడమే మేలని నేను నమ్ముతున్నాను.

సీట్ల ఎంపిక విషయానికి వస్తే, ఆ సంస్థ నడిపేవన్నీ బోయింగ్ 737 విమానాలే, నడవకు ఇటు మూడు, అటు మూడు సీట్లు ఉంటాయి. ఐదుగురూ ఒకే వరుసలో కూర్చుంటే మధ్యలో నడవ అడ్డం వస్తుంది, దాని వల్ల పెద్ద ఇబ్బంది లేదు. మీ భార్య మధ్యలో, పిల్లలిద్దరూ ఆమెకు చెరొక పక్కన ఒకవైపు కూర్చుంటే, నడవకు అవతలి వైపు మీ అమ్మగారిని నడవ సీటులో కూర్చోబెట్టి, మీరు ఆమె పక్కన మధ్య సీటు తీసుకోవచ్చు. పాపను కిటికీ వైపు కాకుండా నడవ వైపు కూర్చోబెడితే, వాంతి వచ్చే సూచన కనిపించగానే మీరు చెయ్యి చాచి అందుకోగలరు. అత్యవసర ద్వారం ఉన్న వరుసను పిల్లలకు, నడవడం కష్టమైన పెద్దలకు ఇవ్వరు కాబట్టి దాని జోలికి పోకండి.

సమాధానం (నల్లకుంట నుంచి, విశ్రాంత ఉద్యోగి)

కొండాపూర్ మిత్రులు చెప్పినదానికి నేను కొంత చేర్చదలచుకున్నాను. సీటు నంబరు లేని విమానం మన హైదరాబాదుకు కొత్త కాదు. 2003 తర్వాత మన దేశంలో తక్కువ ఛార్జీల విమానాలు మొదలైనప్పుడు, బేగంపేట విమానాశ్రయం నుంచి బయలుదేరే కొన్నిటిలో బోర్డింగ్ పాస్ మీద సీటు నంబరు ఉండేది కాదు. బస్సు విమానం దగ్గర ఆగీ ఆగకముందే జనం మెట్లవైపు పరుగుతీసేవారు. పల్లెవెలుగు బస్సు కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు పట్టినట్లే, ముందు ఎక్కిన కుర్రవాడు చేతిసంచులూ, పత్రికలూ పరిచి వెనక వచ్చే నలుగురి కోసం చోటు కాపాడేవాడు. 2008 మార్చిలో రాకపోకలన్నీ శంషాబాదుకు తరలిపోయిన తర్వాత కొంతకాలానికి ఆ సందడి పూర్తిగా తగ్గిపోయింది. విదేశాల్లోనూ ఇదే జరిగింది. ఐరోపాలో ఈజీజెట్ 2012 చివరలో, ర్యాన్‌ఎయిర్ 2014 ఫిబ్రవరిలో సీట్లు కేటాయించడం మొదలుపెట్టాయి.

సీటు కేటాయించే కాలంలో కుటుంబాలు విడిపోవడానికి కారణం వేరు. ఇప్పుడు కిటికీ సీటుకొక ధర, నడవ సీటుకొక ధర, ముందు వరుసలకు మరొక ధర. డబ్బు పెట్టినవారు తమకు కావలసినది ముందే తీసుకుంటారు, పెట్టనివారికి చివరికి అక్కడక్కడా మధ్య సీట్లు మిగులుతాయి. అందువల్ల విమానంలోకి ఎక్కిన తర్వాత ఎవరినో మారమని అడగడం మీదే ఆధారపడితే, డబ్బు ఇచ్చి ఎంచుకున్న మనిషిని అతని సీటు వదులుకోమని అడుగుతున్నామన్న సంగతి మనం గుర్తుంచుకోవాలి. నేను వయసులో పెద్దవాణ్ణి కాబట్టి నన్ను చాలామంది అడుగుతారు, సంతోషంగానే మారతాను. కానీ నా మోకాళ్ళ కోసం నేను ముందే ఎంచుకున్న నడవ సీటుకు బదులు చివరి వరుసలో మధ్య సీటు చూపించి, కాదంటే నిష్ఠూరంగా చూసిన సందర్భాలూ ఉన్నాయి.

అడగక తప్పని స్థితి వస్తే, మీరు ఇచ్చే సీటు వారిదానితో సమానంగా గానీ, దానికంటే మెరుగ్గా గానీ ఉండాలి. నడవకు నడవ, కిటికీకి కిటికీ. కుటుంబంలో ఎవరి దగ్గర మంచి సీటు ఉందో ముందు చూసుకుని, దాన్ని ఇవ్వడానికి సిద్ధపడి అడగండి. మీ భార్యకు మధ్య సీటు, మీకు వేరే వరుసలో కిటికీ సీటు వచ్చాయనుకోండి. మీ కిటికీ సీటును ఆమె పక్కన కూర్చున్న వ్యక్తికి ఇచ్చి మీరు ఆ చోటుకు వెళ్ళడం సులభం, మధ్య సీటును పట్టుకుని బేరమాడడం కష్టం.

పిల్లలను తల్లిదండ్రుల పక్కన కూర్చోబెట్టడం కేవలం సౌకర్యం కోసం కాదన్నది కూడా చెప్పాలి. విమానాన్ని అత్యవసరంగా ఖాళీ చేయవలసి వస్తే, ఏడో వరుసలో ఉన్న తండ్రి ఇరవయ్యో వరుసలో ఉన్న కొడుకు కోసం జనానికి ఎదురు వెళ్ళడానికే ప్రయత్నిస్తాడు. ఎవరూ అతన్ని ఆపలేరు. ఆక్సిజన్ ముసుగులు కిందికి జారినప్పుడు పెద్దలు ముందు తాము పెట్టుకుని, తర్వాత పక్కనున్న పిల్లలకు పెట్టాలని ప్రతి విమానంలోనూ చెబుతారు. పక్కన ఉంటేనే కదా పెట్టగలిగేది.

ప్రశ్న అడిగినవారు (మియాపూర్)

ఇద్దరికీ కృతజ్ఞతలు. సీట్లు కేటాయిస్తున్నారని తెలిసి సగం భారం దిగింది. అయితే రెండు విషయాలు ఇంకా తేలలేదు. అమ్మ టికెట్టును, తరచుగా విమానాల్లో తిరిగినందుకు తన ఖాతాలో చేరిన పాయింట్లతో కొంటానని తమ్ముడు పట్టుబడుతున్నాడు, అలా చేస్తే ఆమె బుకింగ్ మాతో కాకుండా విడిగా ఉంటుంది. పైగా ఐదు టికెట్లు ఒకేసారి వెతికితే ఒక్కొక్కదాని ధర పెరుగుతోంది, మూడు, రెండు చొప్పున వెతికితే తగ్గుతోంది. ఇది ఎందుకు జరుగుతోందో, ఏది మేలో చెప్పగలరా? అలాగే అమ్మకు వీల్‌చైర్ అడగవలసి ఉంటుంది, అది అడిగితే ఆమెను మా నుంచి విడదీస్తారేమోనని నా భార్య భయపడుతోంది.

సమాధానం (అమీర్‌పేట నుంచి, టికెట్ల వ్యాపారం)

మీరు అడిగిన ధరల తేడాకు కారణం ఉంది. ఒకే విమానంలోని ఒకే రకం సీట్లను కూడా విమాన సంస్థలు కొన్ని కొన్నిగా విభజించి, ఒక్కొక్క భాగానికి ఒక్కొక్క ధర పెడతాయి. అతి తక్కువ ధరలో మూడు సీట్లే మిగిలి ఉన్నప్పుడు మీరు ఐదు అడిగితే, ఐదూ దొరికే తర్వాతి ధరను మొత్తం అందరికీ చూపిస్తుంది. విడగొట్టి కొంటే మొదటి మూడూ తక్కువలో వస్తాయి. మా దగ్గరికి వచ్చేవారిలో చాలామంది ఇలాగే విడగొట్టమని అడుగుతారు. పెద్దవాళ్ళే అయితే నేనూ అభ్యంతరం చెప్పను. పిల్లలున్న కుటుంబానికి మాత్రం ఇది నేను సిఫారసు చేయను. విమాన సంస్థ కంప్యూటరుకు మీరు ఒక కుటుంబమని తెలియజేసే ఆధారం ఆ బుకింగ్ సంఖ్య ఒక్కటే, అంటే మనం పీఎన్‌ఆర్ అనేది. ఇంటిపేరు ఒకటైనా, చిరునామా ఒకటైనా, పీఎన్‌ఆర్ వేరైతే మీరు దాని లెక్కలో పరాయివారే. విమానం మారినా, రద్దయినా, మీ నలుగురినీ ఒక విమానంలోకీ మీ అమ్మగారిని ఇంకొకదానిలోకీ మార్చే ప్రమాదం కూడా ఉంది. సీటు విడిపోవడం కంటే అది ఎంతో పెద్ద కష్టం.

మన దేశంలో నిబంధన కూడా ఈ పీఎన్‌ఆర్ మీదే నిలబడి ఉంది. పన్నెండేళ్ళ వయసు వరకు ఉన్న పిల్లలకు, అదే పీఎన్‌ఆర్‌లో ప్రయాణిస్తున్న తల్లిదండ్రుల్లో గానీ సంరక్షకుల్లో గానీ కనీసం ఒకరితో కలిసి సీటు కేటాయించాలని, అలా కేటాయించినట్లు రికార్డు ఉంచాలని పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్, అంటే డీజీసీఏ, 2024 ఏప్రిల్‌లో విమాన సంస్థలను ఆదేశించింది. గత సంవత్సరం మీకు జరిగినది ఈ ఆదేశం తర్వాతే కాబట్టి, ఐదుగురూ ఒకే పీఎన్‌ఆర్‌లో ఉండి కూడా బాబు పక్కన మీ ఇద్దరిలో ఒక్కరూ లేకపోతే, కౌంటర్ దగ్గరే ఈ ఆదేశాన్ని ప్రస్తావించి సీటు మార్చమని అడిగే హక్కు మీకు ఉండింది. అక్కడ పని కాకపోతే కేంద్ర పౌర విమానయాన శాఖ నడిపే ఎయిర్‌సేవా పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయవచ్చు. అయితే ఈ నిబంధన ఒక బిడ్డ పక్కన ఒక పెద్దను కూర్చోబెడుతుంది గానీ, కుటుంబం మొత్తాన్ని ఒకచోట చేర్చదు. మీ అమ్మగారికి దీనిలో రక్షణ ఏమీ లేదు. వెబ్ చెక్-ఇన్‌లో సీటుకు డబ్బు కట్టడం తప్పనిసరి అన్నట్లుగా తెర కనిపిస్తుంది. నిజానికి అది ఐచ్ఛికమే, ఏ సీటూ ఎంచుకోనివారికి సంస్థ తనంతట తాను ఒక సీటు కేటాయించాలి. అలా వచ్చే సీటు ఎక్కడ ఉంటుందన్నదే ప్రశ్న.

అమెరికాలో 2023 మార్చి నుంచి అక్కడి రవాణా శాఖ ఒక పట్టికను ప్రజల ముందు ఉంచింది. పదమూడేళ్ళు, అంతకు తక్కువ వయసున్న పిల్లలకు తోడుగా వచ్చిన పెద్దవారి పక్కన అదనపు రుసుము లేకుండా సీటు ఇస్తామని ఏ ఏ సంస్థలు హామీ ఇచ్చాయో అందులో చూపిస్తారు. అక్కడ కూడా అందరూ ఒకే బుకింగ్‌లో ఉండడం ఒక షరతు. కాబట్టి మీ తమ్ముడి ప్రేమను కాదనకుండానే, ఆ పాయింట్లను ఇంకొక అవసరానికి దాచుకోమని ఆయనకు నచ్చజెప్పండి. సాధారణంగా ఒక బుకింగ్‌లో తొమ్మిది మంది వరకు చేర్చవచ్చు, మీరు ఐదుగురే.

ఓర్లాండో సంగతి ఇంతసేపు మాట్లాడుకున్నాం గానీ, నన్ను అడిగితే మీరు ఇంతకంటే ఎక్కువ జాగ్రత్త పడవలసినది హైదరాబాదు నుంచి డాలస్ వెళ్ళే ప్రయాణంలో. ఇక్కడి నుంచి నేరుగా విమానం లేదు. దుబాయ్ మీదుగానో, దోహా మీదుగానో రెండు విమానాల్లో వెళ్ళాలి, రెండో దానిలో పదిహేను గంటలకు పైగా కూర్చోవాలి. సీట్లను ప్రతి విమానానికీ విడివిడిగా ఎంచుకోవాలి. మొదటి దానిలో ఎంచుకున్నాం కదా అని రెండోదాన్ని వదిలేసి, ఆ పెద్ద ప్రయాణంలో విడిపోయిన కుటుంబాలను నేను చాలా చూశాను. బోయింగ్ 777లో సాధారణంగా వరుసకు మూడు, నాలుగు, మూడు చొప్పున సీట్లు ఉంటాయి. మధ్యలోని నాలుగూ తీసుకుని, నడవకు అవతలి సీటును ఐదోదిగా పెట్టుకుంటే మీ ఐదుగురూ ఒకే వరుసలో ఉంటారు. మీ అమ్మగారికి ఆ నాలుగింటిలో చివర నడవ సీటు ఇవ్వండి, రాత్రివేళ ఎవరినీ లేపకుండా ఆమె లేచి వెళ్ళగలుగుతారు.

ఇంకొక సంగతి. టికెట్టు కొన్న తర్వాత సంస్థ విమానం రకాన్ని మార్చితే, ఎంచుకున్న సీట్లు చెదిరిపోవచ్చు. మీ ఫోనుకు ఏ సందేశమూ రాకపోవచ్చు కూడా. అందువల్ల అప్పుడప్పుడూ, ముఖ్యంగా ప్రయాణానికి ముందు వారంలో, బుకింగ్ తెరిచి సీటు నంబర్లు చూసుకోవడం అవసరం. తిరుపతి, రాజమండ్రి వంటి చోట్లకు మన దగ్గర నుంచి వెళ్ళే ఏటీఆర్ అనే చిన్న విమానాల్లో వరుసకు ఇటు రెండు, అటు రెండు సీట్లే ఉంటాయి. పెద్ద విమానం అనుకుని మూడు సీట్ల లెక్క వేసుకున్నవారు అక్కడ తడబడతారు.

చంటిబిడ్డలున్నవారు ఎవరైనా ఇది చదువుతుంటే వారికి ఒక మాట. రెండేళ్ళలోపు బిడ్డకు విడిగా సీటు కొనకపోతే, ఒడిలో కూర్చోబెట్టుకోవాలి. మూడు సీట్లకు సాధారణంగా నాలుగు ఆక్సిజన్ ముసుగులే ఉంటాయి కాబట్టి ఒకవైపు మూడు సీట్లలో ఒడి బిడ్డలు ఇద్దరు ఉండకూడదు. కవలలున్న తల్లిదండ్రులను నడవకు అటూ ఇటూ కూర్చోమనడానికి కారణం ఇదే. సిబ్బంది కాఠిన్యం ఏమీ లేదు.

సమాధానం (మల్కాజిగిరి నుంచి, ఇద్దరు పిల్లల తల్లి)

అన్నగారూ, మీ భార్యగారి భయం నాకు బాగా అర్థమైంది, మా అత్తగారికి వీల్‌చైర్ తీసుకున్నప్పుడు నాకూ అదే భయం ఉండేది. వీల్‌చైర్ అడిగినంత మాత్రాన సీటు మారదు. ఆ సేవ కౌంటర్ నుంచి విమానం తలుపు దాకా, దిగిన చోట తలుపు నుంచి బయటి దాకా. టికెట్టు కొన్నప్పుడే ఆ అవసరాన్ని నమోదు చేయించండి, కనీసం రెండు రోజుల ముందైనా సంస్థకు తెలియాలి. ఆమెను మొదట ఎక్కిస్తారు, తోడుగా ఒకరిని పంపుతారు, కాబట్టి మీ ఇద్దరిలో ఒకరు ఆమెతో వెళ్ళి, మరొకరు పిల్లలతో వెనుక రండి. దిగేటప్పుడు మాత్రం వీల్‌చైర్ వారిని అందరికంటే చివర దింపుతారు. మధ్యలో ఇంకొక విమానం ఎక్కవలసి ఉంటే ఆ ఆలస్యాన్ని లెక్కలోకి తీసుకుని, రెండు విమానాల మధ్య సమయం కాస్త ఎక్కువ ఉండేలా చూసుకోండి. పిల్లలు దిగిపోదామని తొందరపెట్టినా అందరూ ఆమెతోనే కూర్చోండి. తెలియని విమానాశ్రయంలో, భాష రాని చోట, ఆమెను సిబ్బందికి అప్పగించి ముందుకు వెళ్ళిపోతే ఆమె మనసు ఎంత కంగారుపడుతుందో మనకు పైకి కనిపించదు.

ఎంత జాగ్రత్త పడినా సీట్లు విడిపోయాయనుకోండి. అప్పుడు విమానంలోకి ఎక్కేదాకా ఆగవద్దు. కౌంటర్ దగ్గరా, తర్వాత గేటు దగ్గరా ఉన్న సిబ్బందికి సీట్లను మార్చే అధికారం, ఇంకా నింపని సీట్ల వివరం రెండూ ఉంటాయి. విమానంలోని సిబ్బంది చేతిలో ఉండేది ఇతర ప్రయాణికులను అడగడం మాత్రమే. అందుకే గేటు దగ్గరికి అందరికంటే ముందు చేరి, జనం గుమిగూడకముందే, పిల్లల వయసులు చెప్పి నెమ్మదిగా అడగండి. ఐదుగురినీ ఒకచోట పెట్టమని అడిగితే చాలాసార్లు కుదరదంటారు. బాబు వాళ్ళమ్మ పక్కన, మీ అమ్మగారు మీ పక్కన, పాప మీ ఇద్దరిలో ఎవరో ఒకరి పక్కన ఉంటే చాలని చెప్పండి. అంటే ఒకచోట రెండు, ఒకచోట మూడు. వెతికి పెట్టడం వారికి సులభమవుతుంది.

మా అమ్మాయి చిన్నప్పుడు విమానంలో నా సీటు ఏదని మొదట అడిగేది. ప్రయాణానికి ముందు రోజు సీట్ల పటం చూపించి, నువ్వు ఇక్కడ, అమ్మ ఇక్కడ, నానమ్మ ఇక్కడ అని వేలు పెట్టి చూపిస్తే నిశ్చింతగా ఉండేది. మీ అమ్మగారికి కూడా అలాగే చూపించండి. ఆమె కూడా అడగకుండా ఊరుకునే మనిషి అన్నారు కదా, ముందుగా తెలిస్తే ఆమెకూ ధైర్యంగా ఉంటుంది.

ప్రశ్న అడిగినవారు (మియాపూర్)

అందరికీ మనఃపూర్వక ధన్యవాదాలు. నిన్న రాత్రి తమ్ముడితో మాట్లాడాను. మొదట కొంచెం నొచ్చుకున్నాడు గానీ, విమానం రద్దయితే అమ్మ ఒక్కతే వేరే విమానంలో పడే ప్రమాదం ఉందని చెప్పగానే ఒప్పుకున్నాడు. ఓర్లాండోకు ఐదుగురికీ ఒకే బుకింగ్‌లో చాయిస్ టికెట్లు తీసుకుని, కొండాపూర్ వారు చెప్పినట్లే ఒకే వరుసలో మూడు, నడవకు అవతల రెండు సీట్లు ఎంచుకున్నాం. అమ్మకు వీల్‌చైర్ కూడా నమోదు చేయించాను. ఇక హైదరాబాదు నుంచి డాలస్‌కు రెండు విమానాల్లోనూ సీట్లు చూసుకోవాలి. దుబాయ్ మీదుగా వెళ్ళేటప్పుడు మధ్యలో సమయం ఎక్కువున్న ప్రయాణాన్నే ఎంచుకుంటాం.

సమాధానం (అమీర్‌పేట నుంచి)

మంచి నిర్ణయం. తిరుగు ప్రయాణం సీట్లు కూడా ఇప్పుడే ఎంచుకోండి. వెళ్ళేటప్పటి సీట్లు ఎంచుకుంటే వచ్చేటప్పటివి వాటంతట అవి రావు. ఓర్లాండో నుంచి డాలస్‌కు, డాలస్ నుంచి దుబాయ్‌కి, దుబాయ్ నుంచి హైదరాబాదుకు మూడు విమానాలు విడివిడిగా తెరిచి చూడాలి.